శాంతాబాయికి తెలుగు రాదట

సూర్యాపేటలో కట్టెల మోపు దించిన ప్రతి గడపలోనూ బేరమాడి, వీలుచూసుకుని ఇంటావిడ కష్టసుఖాలు విని, అవసరమైతే నాలుగు చీవాట్లు కూడా తెలుగులోనే పెట్టి వచ్చే శాంతాబాయికి తెలుగు రాదని నిర్ణయమైపోయింది. నిర్ణయించింది పేటలోని కళాసమితివాళ్లు. ఆ సంగతి మోసుకొచ్చింది ఆమె కడుపున పుట్టిన కొడుకు దేవ్‌సింగ్.

"స్టేజీ మీద నువ్వు మన లంబాడీ మాటలనే మాట్లాడాలె యాడీ. నేను పక్కన నిలవడి తెలుగుల చెప్త," అన్నాడు, తల్లి మొహం చూడకుండా.

"ఎందుకట్ల? నాకు తెలుగు రాదా?"

"వస్తది. గని రానట్టుంటే బాగుంటదని గోవర్ధన్ సార్ అన్నడు. సూసేటోళ్లకు జర పానం తరుక్కపోయినట్టయితదంట."

గోవర్ధన్ సారు హైస్కూల్లో తెలుగు పంతులు, కళాసమితికి కార్యదర్శి. కోదాడ నుంచి వచ్చి పేటలో స్థిరపడ్డ మనిషి. శాంతాబాయి దగ్గర వారానికో మోపు కట్టెలు కొంటాడు. పచ్చిగా ఉన్నాయనో, పొట్టిగా ఉన్నాయనో వంక పెట్టనిదే కొనడు. అలాంటివాడు తన నోటికి తాళం వేయడమేమిటని ఆమెకు ఒళ్లు మండింది. అయినా ఊరుకుంది. ఊరుకోవడానికి ఓ కారణముంది, ఆ కారణం పేరు బుజ్జి.

బుజ్జి ఆమె కూతురు. తిరుమలగిరి రోడ్డుకు ఎడంగా, ఓ రాతిగుట్ట పక్కన ఉన్న వాళ్ల తండాలో ఒక కట్టుబాటుంది. ఆడపిల్ల అత్తగారింటికి పోయేటప్పుడు తల్లి చేత్తో కుట్టిన బట్టలే కట్టుకుని పోవాలి. కొన్నవి పనికిరావు, అడిగి తెచ్చుకున్నవి అసలే పనికిరావు. బుజ్జి తప్పటడుగులు వేసే రోజుల్లోనే శాంతాబాయి సూది పట్టింది. కట్టెలమ్మి వచ్చాక, పొద్దు వాలేలోపల దొరికిన వెలుగులో, వాకిట్లో కూర్చుని కుట్టింది. ఎర్ర గుడ్డ మీద అద్దాలు కూర్చిన ఫేటియా, అంటే కుచ్చుల లంగా. గవ్వలు కుట్టిన కాంచళి, అంటే వీపు మీద ముడేసుకునే రవిక. అంచుకు అత్తగారు ఇచ్చి పోయిన వెండి బిళ్లలు. పిల్ల ఎదుగుతుంటే బట్టా ఎదిగింది. పిల్ల పెళ్లీడుకు వచ్చేసరికి బట్ట పూర్తయింది.

పూర్తయిన బట్టను సినిమావాళ్లు ఎత్తుకుపోయారు.

ఎత్తుకుపోయారంటే సమితివాళ్లు ఒప్పుకోరు, అరువిచ్చిందంటారు. రెండేళ్ల కింద వీళ్ల గుట్ట దగ్గర 'గుట్టమీది మల్లె' అనే సినిమా తీశారు. హీరోయిన్ కుముదిని అందులో లంబాడీ పిల్ల. మద్రాసులో మిషను మీద కుట్టించుకొచ్చిన తళుకు గుడ్డలు డైరెక్టరుకు నచ్చలేదు. అప్పుడే మంచం మీద ఎండకు పరిచిన బుజ్జి బట్టలు కుముదిని కళ్లబడ్డాయి. ఆవిడే స్వయంగా వచ్చి శాంతాబాయి చేతులు పట్టుకుంది. "రెండు రోజులమ్మా. మళ్లీ నా చేతుల్తో తెచ్చి నీ చేతుల్లో పెడతాను," అంది. అంత పెద్ద మనిషి అంత మెత్తగా అడిగితే ఎలా కాదంటుంది? ఇచ్చింది. షూటింగు అయిపోయింది, వ్యాన్లు పోయాయి, వాటితోపాటు బట్టలూ పోయాయి. దేవ్‌సింగ్ మద్రాసుకు జాబు రాశాడు. బదులుగా కవరులో ఓ ఫోటో వచ్చింది. ఫోటోలో కుముదిని ఆ బట్టల్లోనే నవ్వుతోంది, కింద వంకరగా "ప్రేమతో" అని సంతకం. శాంతాబాయి ఆ ఫోటోను అటూ ఇటూ తిప్పి చూసి, "ఇగ దీన్నే కట్టుకొని పోతదా బుజ్జి?" అంది.

ఇప్పుడు బుజ్జికి సంబంధం కుదిరింది. త్రిపురారం దిక్కు, కాలువ నీళ్లు పారే చోట తండా. ఉగాది పోగానే పెళ్లి. మళ్లీ కుడదామంటే అన్నేళ్ల పని నెల రోజుల్లో అయ్యేది కాదు. ఇంతలో కళాసమితివాళ్లు ఆ సినిమాకు ఉత్తమ నటి షీల్డు ప్రకటించారు. కుముదిని పేటకు వస్తోంది. దేవ్‌సింగ్ పనిచేసే రైసుమిల్లు యజమాని రామలింగం సేటుకే టాకీసు కూడా ఉంది, సభ ఖర్చు ఆయనదే. "హీరోయినమ్మ ఆ బట్టలు వెంట తెస్తున్నది. మీ అమ్మను స్టేజీ మీదికి తోల్కరా," అని సేటు దేవ్‌సింగ్‌తో అన్నాడు. తండాలో మెట్రిక్ పాసైన మొదటివాడు దేవ్‌సింగ్. మిల్లులో గుమాస్తా పని దొరికిన మొదటివాడు కూడా అతనే. సేటు మాట అతనికి వేదం.

అందుకే శాంతాబాయి నోరు మూసుకుని ఒప్పుకుంది. బట్టలు చేతికొస్తే చాలు, ఏ భాష రాదన్నా ఆమెకు ఫరవాలేదు.

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. తండాకు ట్యాంకరుతో నీళ్లు తోలుతున్నారు. సభ రోజున ఆ ట్యాంకరు రాలేదు. ఎందుకు రాలేదో శాంతాబాయికి పేటకు పోయాక తెలిసింది. టాకీసు వెనక మైదానంలో దుమ్ము లేవకుండా ఆ నీళ్లు చల్లించారు. నేల చల్లగా, తడిగా, కమ్మగా వాసనేస్తోంది. తాగే నీళ్లను తొక్కుకుంటూ నడవడం ఆమెకు అదే మొదటిసారి. పక్కన బుజ్జి చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది.

స్టేజీ వెనక గదిలో కుముదినికి ఎదురుగా శాంతాబాయిని కూర్చోబెట్టారు. ఆవిడ గుర్తుపట్టలేదు. అద్దం ముందు కూర్చుని మెళ్లోవి, చేతులవి, చెవులవి ఒక్కొక్కటే తీసి, వెంటవచ్చిన అమ్మాయి పట్టుకున్న డబ్బాలో వేసింది. పెదాల రంగు తుడుచుకుంది. పట్టుచీర విప్పి తెల్లటి నేతచీర కట్టుకుంది. "ఎలా ఉంది? కరువుకు సరిపోయిందా?" అని ఆ అమ్మాయిని అడిగింది. అక్కడున్న మనిషికి తెలుగు రాదని ఆవిడకు ముందే చెప్పి ఉంచారు కదా.

సభ మొదలైంది. జనం విరగబడ్డారు. కోదాడ నుంచి, మిర్యాలగూడ నుంచి కూడా బస్సులెక్కి వచ్చారు. గోవర్ధన్ సారు మైకు పట్టుకుని గ్రాంథికంగా గొంతెత్తాడు. కుముదిని మెళ్లో దండ వేయబోతే ఆవిడ రెండు చేతులూ అడ్డుపెట్టింది.

"వద్దు. నా అక్కచెల్లెళ్లు గుక్కెడు నీళ్లకు అలమటిస్తుంటే నాకు పూలదండలా? ఒంటిమీద నిండు బట్ట లేని ఈ తండా ఆడపడుచుల్ని చూశాక నేను నగలు పెట్టుకోవడం మానేశాను."

మైదానమంతా చప్పట్లు. ముందు వరుసలో ఆడవాళ్లు కళ్లు ఒత్తుకున్నారు. శాంతాబాయి మాత్రం తన ఒంటికేసి చూసుకుంది. ఎక్కడ నిండలేదో ఆమెకు అర్థం కాలేదు. తండాలో ఏ ఆడదానికైనా సగం ఆస్తి ఒంటిమీదే ఉంటుంది, అంత బరువు బట్టలు వాళ్లవి. బట్ట లేకుండా పోయింది బుజ్జి ఒక్కదానికే, అది ఎవరి పుణ్యమో చెప్పనక్కర్లేదు.

అప్పుడు కుముదిని లంబాడీలో ఓ ముక్క మాట్లాడింది. సినిమా కోసం నేర్పిన ముక్క అది. "అమ్మా, దాహమైతుంది, నీళ్లియ్యి," అని దాని అర్థం. జనం ఈలలు వేశారు. శాంతాబాయి ఆవిడ ముందున్న గ్లాసు చూసింది. గ్లాసు నిండా నీళ్లున్నాయి.

తర్వాత ఓ పళ్లెంలో బట్టలు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఎర్ర ఫేటియా, కాంచళి, అంచున వెండి బిళ్లలు. శాంతాబాయి తన కుట్టును గుర్తుపట్టింది. లేవబోయింది. దేవ్‌సింగ్ భుజం నొక్కాడు. "ఆగు యాడీ, పిలుస్తరు."

పిలవలేదు. "కుముదిని గారు ఈ చిత్రంలో ధరించిన దుస్తులు ఇవి. కరువు సహాయ నిధి కోసం ఆమె వీటిని ఇప్పుడు వేలానికి సమర్పిస్తున్నారు," అన్నాడు గోవర్ధన్ సారు.

శాంతాబాయికి ముందు తాను సరిగ్గా విన్నదా అని అనుమానం వచ్చింది. వేలంపాట జోరుగా లేచి రామలింగం సేటు దగ్గర ఆగింది. ఆగుతుందని ముందే అనుకున్నదే. సేటు నవ్వుతూ లేచి, ఆ బట్టల్ని టాకీసులో టికెట్ల కిటికీ పక్కన అద్దాల పెట్టెలో పెట్టిస్తానని చెప్పాడు. మళ్లీ చప్పట్లు. బుజ్జి జనంలో నుంచి తల్లికేసి చూస్తోంది. ఆ పిల్ల చప్పట్లు కొట్టడం లేదు.

అప్పుడు పిలిచారు శాంతాబాయిని. "తెలుగు తెలియని ఈ అమాయకురాలు తన భాషలో తారామణిని ఆశీర్వదిస్తుంది," అన్నాడు గోవర్ధన్ సారు. దేవ్‌సింగ్ పక్కన వచ్చి నిలబడ్డాడు.

శాంతాబాయి ఒప్పుకున్న మాటకు కట్టుబడింది. తమ మాటలోనే నెమ్మదిగా చెప్పింది. "ఈ బట్టలు నా బిడ్డవి. నేను కుట్టిన. రెండు రోజులని తీస్కపోయినవు. నీ చేతుల్తోటి తెచ్చిస్తనన్నవు. నా బిడ్డ లగ్గమున్నది. ఇయ్యి."

దేవ్‌సింగ్ గొంతు సవరించుకున్నాడు. ముందు వరుసలో సేటు కూర్చున్నాడు. "మా తండాకు దేవత లెక్క వచ్చినవు తల్లీ, నీ మేలు మర్చిపోము అంటున్నది," అన్నాడు.

శాంతాబాయి కొడుకు మొహంలోకి చూసింది. వాడు చూపు తిప్పుకున్నాడు. వాడు భయపడ్డాడు, ఒకసారికి పోనీలే అనుకుని, మళ్లీ అదే మాట ఇంకా నెమ్మదిగా, పసిపిల్లకు చెప్పినట్టు చెప్పింది.

"ఈ బట్టలు కరువు కోసం ఇచ్చినందుకు మా తండా అంతా సంతోషపడుతున్నది అంటున్నది," అన్నాడు దేవ్‌సింగ్.

అంతే. సినిమావాళ్లు అబద్ధమాడితే అది వాళ్ల బతుకుతెరువు. పంతులు ఆడితే అది వాడి సోకు. తన పాలు తాగినవాడు తన నోట్లో అబద్ధం పెట్టాడు. ఆమె కొడుకును పక్కకు జరిపి మైకు పట్టుకుంది.

"నాకు తెలుగొస్తది," అంది.

పంతులు కేసి తిరిగింది.

"గోవర్ధన్ సారూ, మొన్న మీ ఇంట్ల కట్టెలు దించిన. పచ్చివున్నయ్, తగ్గియ్యుమని వాకిట్ల నిలవెట్టి బేరం చేసిన్రు. ఏ మాటల చేసిన్రు సారూ?"

ముందు వరుసలో ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు. వాళ్లందరూ ఆమె దగ్గర కట్టెలు కొనేవాళ్లే. "మన శాంతాబాయే గదా," అని ఎవరో అన్నారు. గోవర్ధన్ సారు కండువా సర్దుకున్నాడు.

"ఈ బట్టలు సినిమావోళ్లయి గావు. నా బిడ్డయి. బుజ్జి, గాడ నిలవడ్డది సూడున్రి. దాని చిన్నప్పటి సంది కుట్టిన. ఈ అమ్మ రెండు రోజులని తీస్కపోయింది, రెండేండ్లయింది. అడిగితే ఫోటో పంపింది. ఇయ్యాల నన్ను అడగకుండ నా ముంగటనే వేలమేసిన్రు. కరువుకు ఇయ్యాల్నంటే ఎవల్ది వాళ్లు ఇచ్చుకోవాలె. నగలు పెట్టుకునుడు మానేసిన్నన్నది. మానలేదు, అవ్వి ఎనక గదిల డబ్బాల ఉన్నయ్. ఇప్పుడే తీసి పెట్టింది, నేను సూసిన. అవ్వి వేలమెయ్యున్రి."

నవ్వులు ఆగిపోయాయి. రామలింగం సేటు మొహం మాడిపోయింది. దేవ్‌సింగ్ తల వంచుకుని తన చెప్పులు చూసుకుంటున్నాడు. శాంతాబాయికి మాత్రం ఏళ్ల బరువు దిగినట్టయింది. ఇక బట్టలు తీసుకుని పోవడమే అనుకుంది.

కుముదినిని తక్కువ అంచనా వేసింది పాపం. ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎప్పుడు కావాలంటే అప్పుడు తిరగడమే కదా ఆ కళ్ల పని. లేచి వచ్చి శాంతాబాయిని గట్టిగా కౌగిలించుకుంది. ఆ కౌగిలింతలోనే మైకు ఆమె చేతిలో నుంచి తన చేతిలోకి తీసుకుంది.

"ఈ షీల్డు కన్నా ఈ తల్లి కోపమే నాకు గొప్ప బహుమతి. పేదల కోపం విన్నవాళ్లకే కళాకారులనే పేరు తగుతుంది. వేలం రద్దు. ఈ దుస్తులు ఈ తల్లి కూతురి పెళ్లికి నా కానుక."

పళ్లెం ఎత్తి శాంతాబాయి చేతుల్లో పెట్టింది. ఫోటోలు తీసేవాళ్లు ఎగబడ్డారు. అంతకుముందు ఎన్నడూ లేనంత చప్పట్లు. కానుక కాదు, నాది నాకిచ్చినవ్ అని శాంతాబాయి అరిచింది. చేతుల నిండా బట్టలున్నాయి, మైకు లేదు. ఆమె మాట పక్కనున్నవాళ్లకు కూడా వినబడలేదు. రామలింగం సేటు అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు. వేలంలో పాడిన సొమ్ము ఆయన ఇక కట్టనక్కర్లేదు. కరువు నిధి సంగతి ఆ పొద్దు మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇంటికి వచ్చి బట్టలు విప్పి చూస్తే నడుం దగ్గర ఫేటియాను కత్తిరించి మిషను కుట్టు వేశారు. కాంచళికి అత్తరు వాసన. తల్లీ కూతుళ్లు ఆ కుట్టు విప్పారు. కత్తిరించిన చోట పట్టీ వేసి శాంతాబాయి మళ్లీ కుట్టింది. దేవ్‌సింగ్ కొన్నాళ్లు మిల్లులోనే పడుకుని, చివరికి ఓ పొద్దున పేపరు పట్టుకుని తండాకు వచ్చాడు. ఖరీదైన దుస్తులను పేద లంబాడా కన్యకు కానుకగా ఇచ్చిన కుముదిని విశాల హృదయం గురించి అందులో రాశారు. శాంతాబాయి అన్న మాటల్లో ఒక్కటీ లేదు.

"నౌకరి పోతదనుకున్న యాడీ," అన్నాడు.

"నౌకరి చేసుకో. నేనొద్దన్ననా? నీ మాట నా నోట్లె పెట్టకు, అంతే," అంది శాంతాబాయి. వాడికి అన్నం పెట్టింది.

పెళ్లి జరిగింది. బుజ్జి తల్లి కుట్టిన బట్టల్లోనే త్రిపురారం పోయింది. కాని కాలువ మీది తండాలో అత్తగారి చుట్టాలు ఆ అద్దాల్ని తడిమి చూస్తూ, "హీరోయినిచ్చినయంట గదా," అన్నారు. మిర్యాలగూడ బజారులో గాజులమ్మే ఆమె కూడా అదే అంది. బుజ్జి ఎంతమందికని చెప్పగలదు? అన్నేళ్ల తల్లి చేతిపని ఆవిడగారి దానం కింద జమైపోయింది. బిడ్డ నోటి నుంచి ఆ మాట విన్న రోజున శాంతాబాయి బిడ్డ ముందే ఏడ్చింది.

వానలు పడ్డాక దేవ్‌సింగ్ ఓ కబురు తెచ్చాడు. హైదరాబాదులో పెద్ద సినిమా పండుగ జరుగుతోందట. బీదల పట్ల చూపిన దయకు కుముదినికి బిరుదు ఇస్తారట. శాంతాబాయి స్టేజీ మీద పక్కన నిలబడాలట. కారు పంపిస్తారట.

దేవ్‌సింగ్ ఈసారి తల్లి కళ్లలోకి చూసే అడిగాడు. "ఏం చెప్పాలె యాడీ?"

"వస్తనని చెప్పు. తెలుగులనే మాట్లాడుతనని గూడ చెప్పు."

వాడు ఉన్నదున్నట్టు సేటు ముందు చెప్పి వచ్చాడు. కారు వస్తుందన్న రోజున శాంతాబాయి తలంటుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని, తిరుమలగిరి రోడ్డు మీద కూర్చుంది. పేట బస్సులు పోయాయి, పత్తి లారీలు పోయాయి. కారు రాలేదు.

తర్వాత పేపర్లో ఫోటో పడింది. కుముదిని మెళ్లో ఈసారి దండ ఉంది. పక్కన లంబాడీ బట్టల్లో ఎవరో ఆడమనిషి రెండు చేతులూ ఎత్తి దీవిస్తోంది. ఆ బట్టలు మద్రాసు మిషను తళుకు గుడ్డలే. కింద రాసింది దేవ్‌సింగ్ చదివి వినిపించాడు. "తెలుగు తెలియని గిరిజన మహిళ శాంతాబాయి తన భాషలో తారామణిని ఆశీర్వదిస్తున్న దృశ్యం."

శాంతాబాయి ఆ పేపరు కొంగులో పెట్టుకుని, రోజూలాగే మోపు ఎత్తుకుని పేటకు పోయింది. మొదటి గడపలో మోపు దించి పేపరు విప్పింది.

"సూడమ్మా. ఈమెనంట శాంతాబాయి. నా మొకం సూసి, దీన్ని సూసి చెప్పు."

ఆ ఇంటావిడ చూసింది. పక్కింటావిడను పిలిచింది. అలా మోపు మళ్లీ ఎత్తుకుని గడపగడపకూ పోయి అడిగింది. గోవర్ధన్ సారు ఇంటికి వచ్చేసరికి ఆమె వెనక వీధి ఆడవాళ్లు సగం మంది ఉన్నారు. ఆయన తలుపు తీసి, అందరినీ చూసి, ఆమె చేతిలో పేపరు చూశాడు.

"రావమ్మా, కట్టెలేగా, దించు. ఇవాళ బేరమేం లేదులే," అన్నాడు.

"కట్టెలు అమ్మనీకి రాలేదు సారూ," అంది శాంతాబాయి, పేపరు ఆయన చేతిలో పెట్టి. "తెలుగు పంతులువు గదా. ఈడ ఏం రాసిన్రో గట్టిగ సదువు. అందరం ఇంటం."